బంగారు నగల వల్ల చర్మంపై ఏర్పడే మరకలు: కారణాలు, తీసుకోవలసిన చర్యలు

మధ్యాహ్నఛాయ:
రోజూ పెట్టుకునే బంగారు ఉంగరం తీసి చూస్తే వేలి చుట్టూ నల్లని చార కనిపిస్తోంది. గొలుసు ఆనుకునే చోట మెడ మీద కూడా బూడిద రంగు మరక ఏర్పడుతోంది. సబ్బుతో కడిగితే పూర్తిగా పోతుంది కానీ మర్నాడు సాయంత్రానికి మళ్ళీ వస్తుంది. దురద గానీ మంట గానీ లేవు. ఉంగరం లోపలి వైపు 916 అన్న ముద్ర స్పష్టంగా ఉంది. మరక చూసినవారిలో కొందరు బంగారంలో కల్తీ ఎక్కువైందంటున్నారు, మరికొందరు ఒంట్లో రక్తం తక్కువైతే ఇలా అవుతుందంటున్నారు. అదే ఉంగరాన్ని మా అక్క కొన్నాళ్ళు పెట్టుకున్నప్పుడు ఆమె వేలికి ఏ మరకా అంటలేదు. నగ ఒకటే అయినా ఒకరికి మరక రావడం, మరొకరికి రాకపోవడం ఎందుకు జరుగుతుందో, నేను నగను మార్చుకోవాలో లేక వైద్యులను కలవాలో తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

గీటురాయి:
నగల పని చేసేవాణ్ణి కనుక లోహం వైపు నుంచి చెబుతాను. మేలిమి బంగారం, అంటే 24 క్యారెట్ల బంగారం, గాలికి గానీ నీటికి గానీ చెమటకు గానీ మారదు. అయితే అది చాలా మెత్తని లోహం కాబట్టి రోజువారీ వాడకానికి ఆగదు. అందుకే రాగి, వెండి, జింకు, కొన్ని రకాల తెల్ల బంగారంలో నికెల్ లేదా పల్లేడియం కలుపుతారు. 916 అంటే వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు బంగారం ఉందని అర్థం, అది 22 క్యారెట్లు. 18 క్యారెట్లకు 750, 14 క్యారెట్లకు 585, 9 క్యారెట్లకు 375 ముద్ర ఉంటుంది. క్యారెట్లు తగ్గేకొద్దీ చెమటతో కలిసి రంగు మారే లోహం వాటా పెరుగుతుంది.

మరక గురించి అడిగినవారిని నేను ముందుగా అడిగేది దాని రంగు, ఆ తరువాత అది పడిన చోటు. ఆకుపచ్చగా ఉంటే అది రాగి చిలుము. మరక నగ పొడవునా కాకుండా అక్కడక్కడా చుక్కలుగా ఉంటే అతుకుల వైపు చూస్తాను. అతుకు లోహం నగ కంటే తక్కువ వేడికే కరగాలి కనుక అందులో జింకు, వెండి, రాగి ఎక్కువగా ఉండడం మామూలే. గొలుసులో ప్రతి లంకెకూ ఒక అతుకు ఉంటుంది. ఒకే బంగారంతో చేసిన గాజు మరక వేయకపోయినా గొలుసు వేయడానికి ఇదొక కారణం.

లోహవిజ్ఞాని:
గీటురాయి గారు చెప్పిన పాళ్ళు బరువును బట్టి లెక్కించినవి. చెమట మాత్రం పరమాణువులతో వ్యవహరిస్తుంది కనుక అదే లెక్కను పరమాణువుల సంఖ్యలో చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. బంగారం పరమాణు భారం సుమారు 197, రాగిది సుమారు 63.5. అంటే ఒక గ్రాము రాగిలో ఉండే పరమాణువుల సంఖ్య ఒక గ్రాము బంగారంలో ఉన్నవాటికి మూడు రెట్లు. మిగిలిన వాటా అంతా రాగే అనుకుంటే, 22 క్యారెట్ల నగలో ప్రతి 100 పరమాణువులకు దాదాపు 78 బంగారానివి. 18 క్యారెట్లకు వచ్చేసరికి అవి సగానికి కాస్త తక్కువ. 14 క్యారెట్ల నగలో బరువు ప్రకారం సగానికి పైగా బంగారమే ఉన్నా, పరమాణువుల లెక్కలో అది మూడో వంతు కూడా కాదు. బంగారు పరమాణువులు దట్టంగా ఉన్నప్పుడు అవి పక్కనున్న రాగి పరమాణువులను చెమటకు అందకుండా కాపాడతాయి. పలచబడినప్పుడు ఆ కాపు తొలగిపోతుంది.

ఇక రసాయన చర్య విషయం. చర్మపు ఉపరితలం స్వతహాగా కొంత ఆమ్ల స్వభావం కలది, చెమటలో ఉప్పు, లాక్టిక్ ఆమ్లం, యూరియా ఉంటాయి. రాగి ఆక్సిజన్ సమక్షంలో వీటితోనూ, చర్మం మీది జిడ్డులో ఉండే కొవ్వు ఆమ్లాలతోనూ కలిసి ఆకుపచ్చ, నీలిపచ్చ లవణాలుగా మారుతుంది. వెండి అయితే గంధకపు సమ్మేళనాలతో కలిసి నల్లని సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది. ఉన్ని బట్టలు, రబ్బరు, కలుషితమైన గాలి గంధకాన్ని అందించగలవు. ఒకరి చెమట ఎంత పడుతుంది, అందులో ఉప్పు ఎంత, ఆమ్లం ఎంత అన్నవి మనిషి మనిషికీ, ఒకే మనిషిలో కూడా వాతావరణాన్ని బట్టి, చేసే పనిని బట్టి మారుతుంటాయి. మీ అక్కగారి వేలికి మరక అంటకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

మధ్యాహ్నఛాయ:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే నా ఉంగరం 22 క్యారెట్లది, మరక ఆకుపచ్చగా కాక నల్లగా ఉంది, ఉంగరం మీద నలుపు అసలు లేదు. తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డకు ఏమీ అంటడం లేదు. లోహం మారకుండా చర్మం మాత్రమే నల్లబడడం సాధ్యమేనా?

లోహవిజ్ఞాని:
సాధ్యమే, పైగా ఎక్కువ క్యారెట్ల నగల విషయంలో నా దృష్టిలో ముందుగా అనుమానించవలసిన కారణం ఇదే. దీనికి చెమట అక్కరలేదు, రసాయన చర్య కూడా అక్కరలేదు. ఇది కేవలం అరుగుదల.

ముఖానికీ మెడకూ చేతులకూ రాసుకునే పౌడర్లు, ఫౌండేషన్లు, ఎండ నుంచి కాపాడే సన్‌స్క్రీన్ లేపనాలలో జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ అనే తెల్లని ఖనిజపు పొడులు ఉంటాయి. పదార్థాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు అంకెల్లో చెప్పే మోస్ కాఠిన్య మానంలో బంగారం 2.5 నుంచి 3 మధ్య ఉంటుంది, జింక్ ఆక్సైడ్ 4 నుంచి 4.5, టైటానియం డయాక్సైడ్ 5.5 నుంచి 6.5 వరకు ఉంటుంది. అంటే మన చర్మం మీద పరచుకున్న ఆ మెత్తని పొడి నిజానికి బంగారం కంటే గట్టిది. నగ కదిలిన ప్రతిసారీ ఆ రేణువులు సన్నని ఆకురాయిలా పనిచేసి, కంటికి కనిపించనంత చిన్న లోహపు రేణువులను గీరి తీస్తాయి. అవి ఆ పొడికి అంటుకొని చర్మం మీద నిలిచిపోతాయి.

బంగారం గీరితే పసుపు రంగులో ఉండాలి కదా, నలుపు ఎక్కడిది అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. లోహపు మెరుపు నునుపైన ఉపరితలం నుంచి కాంతి తిరిగి రావడం వల్ల కలుగుతుంది. లోహం అతి సన్నని, గరుకైన రేణువులుగా విడిపోయినప్పుడు వాటి మధ్య పడిన కాంతి చిక్కుకుపోయి చాలావరకు వాటిలోనే ఇంకిపోతుంది కనుక మన కంటికి నలుపు కనిపిస్తుంది. పాతకాలపు ఫోటో ఫిల్ములో నల్లగా కనిపించే భాగం అంతా అసలు వెండే, కాకపోతే అతి సూక్ష్మమైన రేణువుల రూపంలో ఉన్న వెండి. వైద్యులు బంగారం వల్ల చర్మం మీద ఏర్పడే ఈ గీతలకు బ్లాక్ డెర్మోగ్రాఫిజం అనే పేరు పెట్టారు. ఇలా చూస్తే ఉంగరం శుభ్రంగా మెరుస్తుండగా వేలు మాత్రం నల్లబడడంలో వింత లేదు. ఇలాంటి సన్నని రాపిడి వల్ల లోహం నల్లబడదు.

మధ్యాహ్నఛాయ గారూ, మీరు రోజూ మెడకూ చేతులకూ ఏం రాసుకుంటున్నారో, మీ అక్కగారు వాటిని వాడతారో లేదో ఒకసారి పరిశీలించండి.

తెల్లకలువ:
లోహవిజ్ఞాని గారు చెప్పినది ఇంట్లోనే చూడవచ్చు, ఈ సాయంత్రం నేను చూశాను. జింక్ ఆక్సైడ్ ప్రధానంగా ఉండే కాలమైన్ లోషన్‌ను ఎడమ ముంజేతి లోపలి వైపు పలచగా రాసి, పూర్తిగా ఆరి పొడిలా తెల్లబడే వరకు ఆగాను. కుడి ముంజేతికి ఏమీ రాయకుండా కడిగి ఆరనిచ్చాను. ఉంగరం నునుపైన వెలుపలి అంచును రెండు చోట్లా ఒకే రకంగా తేలికగా గీశాను. కుడిచేతి మీద ఒత్తిడికి ఎర్రబడిన గీత వచ్చి కాసేపటికి మాయమైంది. ఎడమచేతి మీద మాత్రం సీసపు పెన్సిలుతో గీసినట్టు ముదురు బూడిద రంగు గీత పడింది, మళ్ళీ అదే చోట గీసినప్పుడు ఇంకా నల్లబడింది. తడి గుడ్డతో తుడవగానే పొడితో పాటు గీత కూడా పోయింది. రాళ్ళు పొదిగిన నగతో, పూత నగతో ఎవరూ దీన్ని ప్రయత్నించవద్దని నా మనవి, ఎందుకంటే గీత పడిందంటే లోహం కొంత అరిగిందనే అర్థం.

సందేహి:
మరి రక్తహీనత మాటేమిటి? మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ నగ నల్లగా గీస్తే రక్తపరీక్ష చేయించుకోమంటారు. రెండో సందేహం, నగ కింద దురద పెడితే అది కూడా ఈ మరక లాంటిదేనా?

చర్మరక్ష:
చర్మవ్యాధుల వైద్యురాలిగా రెండింటికీ సమాధానం చెబుతాను. నగ వేసిన మరకను బట్టి రక్తహీనతను గానీ మరే ఇతర వ్యాధిని గానీ నిర్ధారించలేము. రక్తహీనత ఉందో లేదో తెలుసుకోవడానికి హిమోగ్లోబిన్ పరీక్ష ఉంది; అలసట, ఆయాసం వంటి లక్షణాలు ఉంటే నగతో సంబంధం లేకుండా ఆ పరీక్ష చేయించుకోవాలి. నాకు ఆందోళన కలిగించేది దీని రెండో వైపు: నగ మెరుస్తోంది కాబట్టి ఆరోగ్యం బాగుందనుకొని అసలు లక్షణాలను పట్టించుకోనివారు కూడా ఉంటారు.

ఇక దురద. మరక, దురద పూర్తిగా వేర్వేరు విషయాలు, వాటిని కలిపి చూడడం వల్ల చికిత్స ఆలస్యమవుతుంది. సబ్బు నీటితో పోయే రంగు చర్మం పైన ఉన్నదే, అది హాని చేయదు. ఎర్రదనం, దురద, చిన్న నీటి పొక్కులు, చర్మం మందబారడం, పొలుసులు రాలడం కనిపిస్తే అది చర్మంలోపల జరుగుతున్న వాపు. దీనికి ఎక్కువగా కారణమయ్యేది నికెల్. చెవులు కుట్టించుకున్నప్పుడు పెట్టిన చౌక కమ్మల వల్ల శరీరం నికెల్‌ను శత్రువుగా గుర్తుపెట్టుకుంటే ఆ గుర్తు సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ఆ తరువాత నికెల్ తగిలిన ఒకటి రెండు రోజులకు అదే చోట దద్దురు వస్తుంది. బొడ్డు దగ్గర బెల్టు బకిలు లేదా జీన్స్ గుండీ తగిలే చోట కూడా దురద ఉంటే నికెల్ మీద అనుమానం బలపడుతుంది. యూరోపియన్ యూనియన్ 1994లోనే చర్మానికి తగిలే వస్తువుల నుంచి విడుదలయ్యే నికెల్‌కు పరిమితి పెట్టింది: వారానికి ఒక చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములు. చెవికి, ముక్కుకు కుట్టిన రంధ్రంలో ఉండే భాగాలకు ఇప్పుడు అమల్లో ఉన్న పరిమితి ఇంకా తక్కువ, 0.2 మైక్రోగ్రాములు.

ఉంగరం కింద వచ్చే దద్దురు అంతా అలర్జీ కాదు. చేతులు కడుక్కున్నప్పుడు సబ్బు, నీరు ఉంగరం కింద చిక్కుకొని అక్కడే ఉండిపోతే చర్మం నానిపోయి ఒరుసుకుపోతుంది. రోజులో చాలాసార్లు చేతులు కడుక్కోవలసిన వారిలో, పసిపిల్లల తల్లుల్లో, ఆసుపత్రి సిబ్బందిలో ఇది తరచుగా చూస్తాం. ఉంగరాన్ని కొద్ది వారాలు తీసివేసి, చర్మానికి సాదా వాసెలిన్ వంటి లేపనం రాస్తే చాలామందికి తగ్గుతుంది. అలా తగ్గనివారు, ఉంగరం పెట్టగానే మళ్ళీ దద్దురు వచ్చేవారు ప్యాచ్ టెస్ట్, అంటే అనుమానం ఉన్న పదార్థాలను పట్టీలతో చర్మానికి అంటించి కొన్ని రోజుల పాటు స్పందన చూసే పరీక్ష, చేయించుకోవాలి.

బంగారానికే అలర్జీ ఉండవచ్చా అంటే, ఉండవచ్చు. 2001లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ బంగారాన్ని ఆ ఏటి ముఖ్య అలర్జీకారకంగా ప్రకటించింది. అయితే ప్యాచ్ టెస్టులో బంగారానికి స్పందించిన చాలామంది బంగారు నగలను ఏ ఇబ్బందీ లేకుండా ధరిస్తూనే ఉంటారు కనుక పరీక్ష ఫలితం ఒక్కదాన్నే చూసి నగలు వదిలేయనక్కరలేదు. ఇక్కడ పైన చెప్పిన అరుగుదల మళ్ళీ ముఖ్యమవుతుంది: ఫౌండేషన్‌లోని టైటానియం డయాక్సైడ్ ఉంగరం నుంచి గీరిన బంగారాన్ని పట్టుకొని ముఖానికి చేరవేయడం వల్ల, వేలికి ఏమీ కాకుండా కనురెప్పల మీద దద్దురు వచ్చిన రోగుల గురించి వైద్య పత్రికల్లో నమోదైంది. కనురెప్పల దురదకు ఎంతకీ కారణం దొరకనివారు చేతి ఉంగరాలను కొన్ని వారాలు, వీలైతే ఇంకా ఎక్కువ కాలం తీసి చూడడం మంచిది. బంగారం విషయంలో ప్యాచ్ టెస్ట్ స్పందన వారం దాటాక కూడా రావచ్చు కనుక చివరి పరిశీలనకు తప్పక వెళ్ళాలి.

మధ్యాహ్నఛాయ:
చర్మరక్ష గారికి ధన్యవాదాలు. నేను బయటకు వెళ్ళేముందు మెడకూ చేతులకూ రాసుకునే సన్‌స్క్రీన్ డబ్బా మీద జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ రెండూ రాసి ఉన్నాయి. అక్క ఏ లేపనమూ రాసుకోదు. ఎండలో తిరిగే పని కాబట్టి సన్‌స్క్రీన్ మానలేను. అలాంటప్పుడు ఏం చేయాలి? నగ స్వచ్ఛతను కూడా ఒకసారి పరీక్ష చేయించాలనుకుంటున్నాను.

గీటురాయి:
సన్‌స్క్రీన్ మానవద్దు, నగను తీయండి. అది వీలుకాకపోతే లేపనం రాసుకొని పూర్తిగా ఇంకనిచ్చి, నగ తగిలే చోట మాత్రం తడి గుడ్డతో తుడిచి ఆ తరువాత పెట్టుకోండి. మెడ మీద గొలుసు దుస్తుల పైకి వచ్చేలా వేసుకున్నా సరిపోతుంది.

నగను శుభ్రం చేయడానికి గోరువెచ్చని నీళ్ళు, కొద్దిగా తేలికపాటి ద్రవ సబ్బు, మెత్తని కుచ్చు ఉన్న బ్రష్షు చాలు. కాసేపు నానబెట్టి, లంకెల మధ్య, రాళ్ళ వెనుక మెల్లగా తోమి, మంచినీళ్ళతో కడిగి, నూలు గుడ్డతో ఒత్తి పూర్తిగా ఆరనివ్వాలి. ముత్యాలు, పగడాలు ఉన్న నగలను నానబెట్టకూడదు. టూత్‌పేస్టుతో తోమే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది, దయచేసి మానండి. అందులో పళ్ళను రుద్దడానికి వేసే గట్టి పొడులు నగ మెరుగును తీసేస్తాయి.

పరీక్ష విషయానికి వస్తే, ఇప్పుడు ఎక్కువగా వాడే ఎక్స్‌రే యంత్రం నగను పాడుచేయకుండా నిమిషాల్లో ఫలితం చెబుతుంది, కానీ అది చూసేది పై పొరను మాత్రమే. మందమైన పూత వేసిన నగ దాన్ని తప్పుదోవ పట్టించగలదు. అతుకు మీద ఒకసారి, నగ మధ్యలో ఒకసారి, వీపు వైపు ఒకసారి వేర్వేరుగా చూడమని అడగండి. గీటురాయి మీద గీసి ఆమ్లం చుక్క వేయడం అనుభవజ్ఞుడి కంటి మీద ఆధారపడిన పద్ధతి. అన్నిటికంటే నమ్మదగినది పుటం పెట్టి చూడడం, కానీ దానికి నగ నుంచి కొంత లోహం తీయక తప్పదు.

ఆకుపచ్చ మరక వచ్చేది రోల్డ్ గోల్డ్ లేదా పూత నగ నుంచి అయితే పరీక్షతో పని లేదు. పూత అరిగి కింది రాగి లేదా ఇత్తడి బయటపడిందన్నమాట. మళ్ళీ పూత వేయించడమో, చెమట పట్టే వేళల్లో పెట్టుకోకపోవడమో తప్ప దానికి మరో ఉపాయం లేదు.

సందేహి:
ఉంగరం లోపల రంగులేని గోళ్ళ పాలిష్ పూస్తే సరిపోతుందని చాలాచోట్ల చదివాను.

చర్మరక్ష:
ఆకుపచ్చ మరకకు అది కొద్ది రోజులు పనిచేస్తుంది. తరువాత అంచుల్లో పొరలుగా లేచి, దాని కింద తేమ నిలుస్తుంది. గోళ్ళ పాలిష్‌లోని రెసిన్లకే అలర్జీ ఉన్నవారు ఉంటారు కనుక ఇప్పటికే దద్దురు ఉన్న వేలికి అసలు వద్దు.

ఈతకొలను:
నాది 14 క్యారెట్ల తెల్ల బంగారు ఉంగరం. కొన్నప్పుడు తళతళలాడేది, ఇప్పుడు అడుగు భాగం పసుపు పచ్చగా మారి, అక్కడే వేలు దురద పెడుతోంది. ఈతకు వెళ్ళినప్పుడు తీయను.

లోహవిజ్ఞాని:
తెల్ల బంగారం మీద కనిపించే తళతళలాడే తెలుపు సాధారణంగా రోడియం అనే లోహపు పూతది. అరచేతి వైపు రాపిడి ఎక్కువ కనుక అక్కడే ముందుగా అరుగుతుంది. కింద ఉన్న మిశ్రమంలో నికెల్ ఉంటే మీ దురదకు అదే కారణం కావచ్చు. మళ్ళీ రోడియం వేయించుకుంటే కొంతకాలం ఉపశమనం ఉంటుంది కానీ నికెల్ అలర్జీ నిర్ధారణ అయితే పల్లేడియం కలిపిన తెల్ల బంగారానికి లేదా ప్లాటినానికి మారడమే శాశ్వత మార్గం.

ఈత విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను, ఉంగరం తీసే దిగండి. కొలనులో వేసే క్లోరిన్ మిశ్రమంలోని నికెల్, రాగి వంటి లోహాల మీద దాడి చేస్తుంది. పైకి కనిపించకుండా బిగువుగా ఉన్న చోట్ల పగుళ్ళు మొదలవుతాయి, రాయిని పట్టి ఉంచే సన్నని కొక్కేలు ముందుగా విరుగుతాయి. ఇల్లు శుభ్రపరిచే బ్లీచింగ్ ద్రావణాలు అంతకంటే గాఢమైనవి.

నీలిచుక్క:
కమ్మ రంధ్రం వెనుక నీలి బూడిద రంగు చుక్క ఒకటి ఏళ్ళుగా ఉంది. కడిగినా పోదు, నొప్పి లేదు.

చర్మరక్ష:
వెండి లేదా వెండి కలిసిన లోహపు రేణువులు రంధ్రం గుండా చర్మంలోపలికి చేరి నిలిచిపోతే అలాంటి చుక్క ఏర్పడవచ్చు, దాన్ని స్థానిక ఆర్జీరియా అంటాం. అది హాని చేయదు కానీ దానంతట అది పోదు. అయితే నీలి మచ్చలన్నీ లోహం వల్ల వచ్చినవి కావు. కొన్ని పుట్టుమచ్చలు, అరుదుగా చర్మ క్యాన్సర్లు కూడా ఆ రంగులో ఉంటాయి కనుక ఒక్కసారి చర్మాన్ని పెద్దదిగా చేసి చూపే డెర్మోస్కోపు అనే పరికరంతో చూపించుకోండి. పరిమాణం పెరుగుతుంటే ఆలస్యం చేయవద్దు.

కొత్తసభ్యురాలు:
మీరందరూ చర్మం రంగు మారడం గురించి చెబుతున్నారు, నాకు నగ రంగే మారింది. గొలుసు మీద వెండిలా తెల్లని మచ్చలు పడ్డాయి. ఈ మధ్య చర్మం రంగు తేలవడానికని ఒక క్రీము వాడుతున్నాను, గొలుసు దానికి తగులుతూ ఉంటుంది. కాల్చితే మచ్చ పోతుందని ఒకరు చెప్పారు, రేపు ఇచ్చిరావాలనుకుంటున్నాను.

గీటురాయి:
దయచేసి కాల్చవద్దు, ఎవరికీ కాల్చడానికి ఇవ్వవద్దు. బంగారం మీద వెండిలాంటి తెల్ల మచ్చ కనిపిస్తే పాదరసం తగిలి ఉండవచ్చని ముందుగా అనుమానించాలి. పాదరసం బంగారంతో కలిసి తెల్లని మిశ్రమంగా మారుతుంది. వేడిచేస్తే మచ్చ పోయే మాట నిజమే, కానీ ఆ పాదరసం ఆవిరై కాల్చేవారి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. గొలుసును తీసి గాలి చొరబడని సంచిలో పెట్టండి, ఇతర నగలకు తగలనివ్వవద్దు. బాగుచేయించేటప్పుడు పాదరసం అనుమానం ఉందని ముందే చెప్పండి.

చర్మరక్ష:
గొలుసు సంగతి ఆ తరువాత, ముందు ఆ క్రీము వాడకం ఈ రాత్రే ఆపండి. చర్మాన్ని తెల్లబరుస్తామనే కొన్ని క్రీములలో పాదరస లవణాలు కలుపుతారు. అది చర్మం గుండా ఒంట్లోకి చేరి మూత్రపిండాలను, నరాలను దెబ్బతీస్తుంది. 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం 1 పీపీఎం (పది లక్షల పాళ్ళలో ఒక పాలు) మించి పాదరసం ఉన్న సౌందర్య సాధనాల తయారీని, ఎగుమతి దిగుమతులను 2020తో ముగించాలని నిర్దేశించింది, అయినా అవి చాటుగా చేతులు మారుతూనే ఉన్నాయి. డబ్బా మీద మెర్క్యూరీ, కలోమెల్, మెర్క్యూరస్ క్లోరైడ్ అన్న మాటలు ఉన్నాయేమో చూడండి. వెండి, బంగారం, అల్యూమినియం, రబ్బరు తగలనివ్వవద్దనే హెచ్చరిక ఉన్నా అది పాదరసం ఉందనడానికి సూచనే. పదార్థాల పట్టిక అసలు లేకపోయినా అనుమానించాలి.

చేతులు, మెడ సబ్బుతో బాగా కడుక్కొని, క్రీము డబ్బాను మూత బిగించి సంచిలో కట్టి ఉంచండి, చెత్తలో వేయవద్దు. డబ్బాతో సహా వైద్యుల దగ్గరకు వెళ్ళి మూత్రంలో పాదరసం ఎంత ఉందో పరీక్ష చేయించుకోండి. మీ తువ్వాళ్ళు, దిండు గలేబులు వాడే పిల్లలు ఇంట్లో ఉంటే, లేదా మీరు గర్భంతో ఉంటే, పాలిచ్చే తల్లి అయితే, ఆ మాట వైద్యులకు మొదటే చెప్పండి. పిల్లలకూ అదే పరీక్ష అవసరం పడవచ్చు.